ఎత్తొద్దు, దొర్లించండి: 42 కిలోల కయాక్‌కి ఆటోనగర్‌లో చేయించిన రెండు చక్రాల బండి

(వీడియో ఎపిసోడ్ పూర్తి పాఠం)

ఈ ఎపిసోడ్ పటమట నుంచే, మా సందులోంచే. నా వెనకాల నారింజ రంగులో పొడుగ్గా కనపడుతోందే, అది కయాక్. ఒక మనిషి కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే చిన్న పడవ. దాని కింద ఉన్న రెండు చక్రాల బండి గురించే ఈ రోజు మాట్లాడుకునేది. పడవ కొన్నదే. బండి మాత్రం ఇక్కడే, ఆటోనగర్‌లో చేయించాం.

ముందు ఒక విషయం గుర్తు చేస్తాను. 2024 సెప్టెంబర్ మొదటి వారం బెజవాడలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోలేరు. ఒక పక్క బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచేశాయి. ఇంకో పక్క ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. ఆ ఉధృతికి ఎగువ నుంచి పెద్ద ఇనుప పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. ఒక్కోటి 40 టన్నుల దాకా ఉంటుందని అప్పట్లో వార్తల్లో చదివాం. వాటిని తీయడానికి ఎన్ని రోజులు పట్టిందో గుర్తుందా? పెద్ద పెద్ద క్రేన్లు వచ్చాయి, లేవలేదు. డైవర్లు నీళ్లలో దిగి కోసే ప్రయత్నం చేశారు. చివరికి గర్డర్లు కట్టి, చైన్ పుల్లీలు వేసి, మెల్లగా జరుపుకుంటూ బయటికి తెచ్చారు.

నాకు అందులో కనపడింది ఇది: ఎత్తడం వేరు, జరపడం వేరు. 40 టన్నులకైనా, మా 42 కిలోలకైనా సూత్రం అదే. ఈ ఎపిసోడ్ అంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

అసలు సమస్య ఏంటంటే

ఈ కయాక్ మా బాబాయిది. రిటైరయ్యాక నది మీద తిరగాలి, గాలం వేసుకోవాలి అని ముచ్చటపడి కొనుక్కున్నాడు. పొడవు పదిన్నర అడుగులు, అంటే 3.2 మీటర్లు. వెడల్పు 84 సెంటీమీటర్లు. కాళ్లతో తొక్కే పెడల్స్‌తో కలిపి బరువు 42 కిలోలు. కొన్నప్పుడు మేం ఇద్దరం చెరో కొస పట్టుకుని మోసేవాళ్లం. తర్వాత ఆయనకి నడుములో డిస్క్ సమస్య వచ్చింది. డాక్టరు గారు ఒకటే చెప్పారు: నడవండి, ఈత కొట్టండి, తెడ్డు మెల్లగా వేసుకోండి, బరువు మాత్రం ఎత్తొద్దు. నేనేమో ఉద్యోగం వల్ల నెలలో సగం రోజులు ఊళ్లో ఉండను.

దాంతో పడవ వరండాలో గోడకి చేరింది. దాని మీద లుంగీలు ఆరేయడం మొదలైంది. ఒక రోజు బాబాయ్ అన్నాడు, "ఒరేయ్, ఇక దీన్ని అమ్మేద్దాం. నీళ్ల మీద నాకేం ఇబ్బంది లేదు. నీళ్ల దాకా పోవడమే నా వల్ల కావట్లా" అని.

చూడండి, నది మీద ఇబ్బంది లేదు. గేటు నుంచి రోడ్డు దాకా, రోడ్డు నుంచి నీళ్ల దాకా ఉన్న ఆ వంద గజాలే ఇబ్బంది. ఆ వంద గజాల కోసం ఒక మనిషి తనకి ఇష్టమైన పని మానేసుకోవాలా? అందుకే బండి. దానికి మేం పెట్టుకున్న షరతు ఒకటే: ఏ దశలోనూ బాబాయ్ చేతి మీద ఆరు కిలోలకి మించి బరువు పడకూడదు. సుమారుగా ఒక చిన్న కూరగాయల సంచి అంత.

పడవని మనుషులు మోయకుండా జరుపుకోవడం మన దగ్గర కొత్తేం కాదు. బందరు తీరంలో ఒడ్డు మీద ఇసుకలో పడవని దుంగల మీద దొర్లించేవాళ్లు, ఇప్పుడు ట్రాక్టర్ కట్టి లాగుతున్నారు. కాలవల్లో పడవలు నడిచిన రోజుల్లో గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని లాక్కుంటూ పోయేవాళ్లు. కొల్లేటి వాళ్ల తాటిదోనె చూశారా? తాటిమాను తొలిచి చేస్తారు. నేల మీద బండలా ఉంటుంది, నీళ్లలో పెడితే ఒక్క గడ కర్రతో కదులుతుంది. బరువు ఎక్కడ ఉంచాలో తెలిసిన వాళ్లు కాబట్టి వాళ్లకి అది బరువే కాలేదు.

ఇరుసు ఎక్కడ ఉండాలి

ఇక బండిలోకి వద్దాం. చాలామంది చక్రాల దగ్గర మొదలుపెడతారు. నేను ఇరుసు దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే చేతి మీద ఎంత బరువు పడుతుందనేది ఇరుసు ఎక్కడ ఉందనే దాన్ని బట్టే తేలుతుంది.

ఎడ్లబండి తోలిన వాళ్లని అడగండి. బస్తాలు ముందుకి ఎక్కువ వేస్తే ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక్కి ఎక్కువ వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు బిగుసుకుంటుంది. సరిగ్గా ఇరుసు మీదే వేస్తే బండి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. అందుకని కొంచెం ముందు బరువు ఉండేలా సర్దుతారు. మా బాబాయ్ చిన్నప్పుడు ధాన్యం బండ్లు తోలాడు, ఈ లెక్క నాకు ముందు చెప్పింది ఆయనే. నేను దాన్ని కాగితం మీద పెట్టానంతే.

మొదటి లెక్క. బండిని పడవ వెనక కొసకి దగ్గరగా, అంటే కొస నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర పెట్టి, ముందు కొస పట్టుకుని లాగామనుకోండి. పడవ మధ్యబిందువు ఇరుసుకి 1.2 మీటర్లు ముందుంటుంది. చెయ్యి 2.8 మీటర్లు ముందుంటుంది. 42ని 1.2తో గుణించి 2.8తో భాగిస్తే 18 కిలోలు. బండి ఉండి కూడా చేతి మీద 18 కిలోలు! నడుం నొప్పి ఉన్న మనిషికి అది కుదరదు.

రెండో లెక్క. ఇరుసుని మధ్యబిందువుకి 20 సెంటీమీటర్లు మాత్రమే వెనక పెట్టాం. ఇప్పుడు చెయ్యి ఇరుసుకి 1.8 మీటర్ల దూరంలో ఉంటుంది. 42 ఇంటూ 0.2, బై 1.8. సుమారు 4.7 కిలోలు. అదే పడవ, అదే బండి, అదే మనిషి. చోటు మారింది, పద్దెనిమిది కాస్తా ఐదుకి దిగింది.

మధ్యబిందువు ఎట్టా కనుక్కోవాలి? టేపుతో కొలిచి సగం చేస్తే సరిపోదు, సీటు, పెడల్స్ వల్ల బరువు ఒక పక్కకి పోతుంది. రెండంగుళాల పైపు ముక్క ఒకటి పడవ కింద అడ్డంగా పెట్టండి. పడవని అటూ ఇటూ దొర్లించండి. ఉయ్యాల బల్లలా రెండు కొసలూ సమంగా గాల్లో నిలిచిన చోటే మధ్యబిందువు. అక్కడ పడవ పక్కన రంగు టేపు అంటించండి. మీరు రోజూ తీసుకెళ్లే సామాను పడవలో పెట్టి మరీ ఈ పని చేయండి. ఇది ఒక్కసారి చేస్తే చాలు, ఆ టేపే తర్వాత మీకు గుర్తు.

చక్రాలు

మూడు రకాలు చూశాం. ఒకటి, సూట్‌కేసుకి, బీరువాకి వేసే చిన్న చక్రాలు. గచ్చు మీద బాగుంటాయి, ఇసుకలో మట్టిలో దిగబడతాయి. రెండు, పిల్లల సైకిల్ చక్రాలు. తేలిక, చవక. కానీ సైకిల్ చక్రం రెండు పక్కలా ఫోర్కు పట్టుకుని ఉంటుందని చేసింది. ఒక్క పక్కనే ఇరుసుకి తగిలిస్తే పక్కకి వంగుతుంది, పైగా టైరు సన్నం.

మూడోది, ఇళ్లు కట్టే చోట ఇసుక, కాంక్రీటు తోసే ఒంటి చక్రం బండి ఉంటుంది కదా, దాని గాలి టైరు. మేం తీసుకుంది ఇదే. దాని మీద 4.00-8 అని రాసి ఉంటుంది. అంటే టైరు వెడల్పు నాలుగంగుళాలు, లోపల రిమ్ము ఎనిమిదంగుళాలు. మొత్తం ఎత్తు పదహారు అంగుళాలు, సుమారు 40 సెంటీమీటర్లు. మన ప్యాసింజర్ ఆటోల టైర్ల మీద కూడా ఈ నంబరే కనపడుతుంది, ఈసారి ఎక్కేటప్పుడు చూడండి.

గాలి టైరు ఎందుకంటే, గాలి తగ్గించుకోవచ్చు కాబట్టి. పడవ, బండి కలిపి 54 కిలోలు. అందులో చెయ్యి మోసేది పోతే ఒక్కో చక్రం మీద పాతిక కిలోలు. టైరులో 30 పీఎస్‌ఐ గాలి ఉంటే నేలకి ఆనే భాగం సుమారు 12 చదరపు సెంటీమీటర్లు. అదే 10 పీఎస్‌ఐకి తగ్గిస్తే 36 దాకా వస్తుంది. టైరు గట్టిదనం వల్ల కొంచెం అటూ ఇటూ ఉంటుంది గానీ, దారి మాత్రం ఇదే: గాలి మూడో వంతు చేస్తే అడుగు మూడింతలవుతుంది. ఒంటె పాదం వెడల్పుగా ఉండటానికి కారణం కూడా ఇదే. తారు రోడ్డు మీద గట్టిగా, ఇసుకలో మెత్తగా. సైకిల్ పంపు ఒకటి దగ్గరుంటే సరి.

బేరింగ్ విషయం. ఈ చక్రాలకి 20 మిల్లీమీటర్ల ఇరుసు పట్టే 6204 బేరింగ్ ఉంటే, రెండు పక్కలా రబ్బరు మూత ఉన్నది అడగండి. దాన్ని 2ఆర్‌ఎస్ అంటారు. మూత లేనిది నీళ్లలో మునిగితే తుప్పు పట్టి బిగుసుకుంటుంది. ఇంకో దారి కూడా ఉంది. లేత్ షాపులో నైలాన్ రాడ్డు తిప్పించి బుష్ చేయించుకోవచ్చు. మనం పోయేది నడక వేగమే, బరువు పాతిక కిలోలే. దానికి నైలాన్ బుష్ చాలు, తుప్పు గొడవే ఉండదు. హంసలదీవి వైపో మంగినపూడి వైపో ఉప్పు నీళ్లలోకి తీసుకెళ్లేవాళ్లు బుష్ వైపే మొగ్గండి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగండి.

ఫ్రేము

యూట్యూబ్‌లో బయటి దేశాల వీడియోలు చూస్తే చాలామంది పీవీసీ పైపుతో చేస్తారు. తేలికే, వెల్డింగ్ కూడా అక్కర్లేదు. కానీ బెజవాడ ఎండ గుర్తుపెట్టుకోండి. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊరు మనది. ఎండలో నిలబెట్టిన పైపు ఇంకా వేడెక్కుతుంది, బరువు కింద మెల్లగా వంగుతుంది. మనకి పక్కనే ఆటోనగర్ ఉంది. లారీ బాడీలు కట్టే చోట ఒక చిన్న బండి వెల్డింగ్ ఎంతసేపు?

మేం వాడింది 25 మిల్లీమీటర్ల చదరపు ఇనుప ట్యూబు, మందం 1.6 మిల్లీమీటర్లు. మొత్తం నాలుగు మీటర్లు సరిపోయింది. మీటరుకి కిలో పైచిలుకు తూగుతుంది. ఇరుసు 20 మిల్లీమీటర్ల ఎమ్మెస్ రాడ్డు, 80 సెంటీమీటర్లు. టైర్లతో కలిపి బండి మొత్తం 12 కిలోలు తేలింది.

వెడల్పుకి మా గేటే కొలత. గేటు మూడడుగులు, అంటే 91 సెంటీమీటర్లు. పడవ 84. కాబట్టి టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచు దాకా 75 పెట్టాం. మీరు చేయించుకునే ముందు మీ గేటు, మీ మెట్ల దారి, మీ సందు మలుపు కొలుచుకోండి. ఇంట్లోంచి బయటికి రాని బండి ఎంత బాగుంటే ఏం లాభం?

పడవ టైర్ల కంటే వెడల్పు కాబట్టి, అది టైర్లకి పైన కూర్చోవాలి. టైరు ఎత్తు 40, పడవ ఆనే పట్టీల ఎత్తు 45. ఐదు సెంటీమీటర్ల ఖాళీ ఉంచాం. ఇంకా ఎత్తు పెంచొద్దు, పెంచేకొద్దీ బండి పక్కకి పడిపోయే గుణం పెరుగుతుంది.

వెల్డింగ్ చేసిన అన్న దగ్గర నేను నేర్చుకుంది ఒకటి చెప్తాను. నిలువు ట్యూబు, ఇరుసు మీద ట్యూబు కలిసే మూలలో మూడు మూలల ఇనుప ముక్క ఒకటి వేశాడు. "గుంటలో పడ్డప్పుడు దెబ్బంతా ఈ మూలకే తగిలిద్ది, నేరుగా వేసిన వెల్డింగ్ ఇక్కడే చీలిద్ది" అన్నాడు. రోజూ లారీలకి చేసే పని కదా, ఆ చెయ్యికి తెలుసు. ఖర్చు పెద్దగా పెరగదు, ఆ ముక్కలు వేయించుకోండి. బండి నిలబడటానికి ఒక మడిచే కాలు కూడా పెట్టించాం. అది లేకపోతే ఒక్కడే పడవ ఎక్కించేటప్పుడు బండి బోర్లా పడుతుంది.

మెత్తన, పట్టీలు

కయాక్ చాలావరకు పాలిథిలిన్ ప్లాస్టిక్‌తో పోత పోసి చేస్తారు. గట్టిదే, కానీ ఎండకి వేడెక్కితే మెత్తబడుతుంది. సన్నటి ఇనుప అంచు మీద గంటలు గంటలు కూర్చోబెడితే కింద సొట్ట పడుతుంది. అందుకని పట్టీలు పడవ పొడవు వెంబడి ఉండాలి, అడ్డంగా కాదు. మావి 50 సెంటీమీటర్ల పొడవు, రెండింటి మధ్య 40 సెంటీమీటర్లు. పైన మెత్తనకి ఏసీ రాగి గొట్టాలకి తొడిగే నల్ల ఫోమ్ గొట్టం వాడాం. ఏసీ మెకానిక్ షాపులో దొరుకుతుంది. దాని మీద పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టాం, జారదు, చిరగదు.

కొన్ని బండ్లు పడవలో నీళ్లు కారే రంధ్రాల్లోకి రెండు కడ్డీలు దూర్చే రకంగా ఉంటాయి. బరువైన పడవకి అది వద్దు. బరువంతా ఆ రంధ్రాల అంచుల మీద పడి చీలిక వస్తే, అది పడవకి అడుగున చీలిక. నీళ్ల మధ్యలో తెలుస్తుంది.

కట్టడానికి రెండు బెల్టులు. కానీ అసలైన తాడు మూడోది. బండి గుంటలో పడినప్పుడు చక్రం ఆగుతుంది, పడవ ముందుకి పోతుంది, బండి వెనక్కి జారిపోతుంది. దానికి ఫ్రేము నుంచి పడవ ముందు పిడికి ఒక తాడు బిగించి కట్టండి. రెండు నిమిషాల పని. అది లేకపోతే రోడ్డు మధ్యలో పడవ నేల మీద, బండి దాని వెనకాల.

ఒక్కడే ఎట్టా చేస్తాడు

ఇప్పుడు అసలు విషయం. బండి ఉంది, సరే. పడవని 45 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న బండి మీదకి ఎక్కించేదెవరు? అక్కడ ఎత్తాల్సి వస్తే ఇంత చేసీ ఏం లాభం?

మా రూలు ఇది: పడవ నేల మీద పడుకోదు. ఇంట్లో బండి మీదే ఉంటుంది. దారిలో ట్రాలీ మీద ఉంటుంది. నదిలో నీళ్ల మీద ఉంటుంది. ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకి మారుతుంది, మధ్యలో మనిషి చేతుల్లోకి రాదు.

పటమట నుంచి బ్యారేజీ ఎగువకి పోవాలంటే ఊరు దాటాలి కదా. ఏడడుగుల తొట్టి ఉన్న చిన్న ట్రాలీ బండి మాట్లాడుకుంటాం. పడవ ముందు కొసని ట్రాలీ వైపు తిప్పుతాం. వెనక కొసని కిందికి నొక్కితే ముందు కొస పైకి లేస్తుంది. ఉయ్యాల బల్ల అన్నానుగా, దానికి ఆరు కిలోల బలం చాలు. ముందు కొస తొట్టి అంచు మీద ఆనగానే, బండిని అట్లాగే ముందుకి తోయాలి. చక్రాలు ట్రాలీకి తగిలేసరికి పడవ మధ్యబిందువు సరిగ్గా తొట్టి అంచు మీదకి వస్తుంది. అంటే ఇప్పుడు పడవ బరువు మోసేది ట్రాలీ. బెల్టులు విప్పి, వెనక కొస కాస్త లేపి తోస్తే లోపలికి జారిపోతుంది. తొట్టి అంచుకి పాత కార్పెట్ ముక్క వేస్తే గీతలు పడవు. వెనక మూడున్నర అడుగులు బయటికి ఉంటుంది. ముందు కొసని కొక్కేలకి గట్టిగా కట్టి, వెనక ఎర్ర గుడ్డ కట్టడం మర్చిపోవద్దు.

దించేటప్పుడు ఇదే తిరగేసి. నీళ్ల దగ్గర బండిని పడవతో సహా నీళ్లలోకి దింపుతాం. మోకాలికి కొంచెం పైదాకా నీళ్లు రాగానే పడవ తేలుతుంది. బెల్టు విప్పితే బండి విడివడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు తేలుతున్న పడవ కిందికి బండిని నెట్టి, టేపు గుర్తు దగ్గర ఇరుసు సర్ది, బెల్టు వేసి లాక్కొస్తాం. ఎత్తింది సున్నా.

ఇక్కడొక తమాషా. బండి 12 కిలోల ఇనుము, మునిగిపోవాలి కదా? మునగదు. ఒక్కో టైరు సుమారు 7 లీటర్ల నీళ్లని పక్కకి తోస్తుంది. రెండు కలిపి 14, 15. బండి బరువు కంటే అది ఎక్కువ, కాబట్టి తేలుతుంది. చెయ్యి జారినా నది అడుగుకి పోదు. కాకపోతే పడవ కిందికి నెట్టేటప్పుడు పైకి తన్నుకొస్తుంది, ఇరుసు మీద కాలు పెట్టి మూడు నాలుగు కిలోలు నొక్కితే మాట వింటుంది.

మెట్ల దగ్గర జాగ్రత్త

ఘాట్ అంటే మెట్లు. "లాగితే ఎక్కదా?" అని అడుగుతారు. లెక్క చూడండి. మన చక్రం ఎత్తు 40. మెట్టుకి ఆనించి అడ్డంగా లాగితే, 5 సెంటీమీటర్ల మెట్టు ఎక్కించడానికి దాదాపు 48 కిలోల బలం కావాలి. 10 సెంటీమీటర్లయితే 93. మామూలు మెట్టు 15 ఉంటుంది, దానికి 200 కిలోల పైన. మెట్టు మూడు రెట్లు పెరిగితే బలం నాలుగు రెట్లు దాటిపోయింది. మనిషి వల్ల అయ్యే పని కాదు, నడుం విరుచుకునే పని.

అదే 15 సెంటీమీటర్ల మెట్టు మీద మీటరున్నర చెక్క బల్ల వాలుగా వేస్తే? ఐదున్నర కిలోలు చాలు. బల్లలు రెండు, ఒక్కో చక్రానికి ఒకటి. వరస మెట్లుంటే మాత్రం బల్లలతో కుస్తీ పట్టొద్దు, వాలు దారి ఉన్న చోటు వెతుక్కోండి. పాచి పట్టిన మెట్ల మీద పడవ లాగుతూ జారితే, ముందు పడేది మీరు, మీ మీద పడేది పడవ.

నది విషయంలో మూడు మాటలు

బండి వల్ల నది దగ్గరైంది. అందుకే ఇవి చెప్పాలి.

ఒకటి, లైఫ్ జాకెట్. చేతిలో పట్టుకోవడం కాదు, వేసుకోవాలి, బకిల్ పెట్టుకోవాలి. 2017 నవంబర్ 12న పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. ఒడ్డు కనపడుతూనే ఉంటుంది, నది నదే.

రెండు, వరద. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది ఇస్తారు. మీరు హెచ్చరిక దాకా ఆగొద్దు. గేట్లు ఎత్తారని వార్త వస్తే చాలు, ఆ రోజు పడవ ఇంట్లోనే. మామూలు రోజుల్లో కూడా బ్యారేజీ వైపు పోవద్దు. 40 టన్నుల పడవలనే లాక్కొచ్చిన నీళ్లు అవి. ఎక్కడ దింపొచ్చో ముందు అక్కడి అధికారులని అడిగి వెళ్లండి.

మూడు, జోడీ. బండితో ఒడ్డు మీద పని ఒక్కడే చేసుకోవచ్చు. నీళ్ల మీదకి మాత్రం ఒక్కడే వద్దు. మా బాబాయ్ ఇప్పుడు తన స్నేహితుడితో పోతున్నాడు. ఆయన వయసు అరవై దాటింది, ఆయన కూడా మోయలేడు. మోయక్కర్లేదు కూడా.

స్క్రీన్‌షాట్ తీసుకోండి

చక్రాలు: 4.00-8 గాలి టైర్లు రెండు. రోడ్డు మీద 30 పీఎస్‌ఐ లోపు, ఇసుకలో 10.
ఇరుసు: 20 మిల్లీమీటర్ల రాడ్డు, 80 సెంటీమీటర్లు.
బేరింగ్: 6204, రబ్బరు మూతలది. లేదా నైలాన్ బుష్.
ఫ్రేము: 25 మిల్లీమీటర్ల చదరపు ట్యూబు, 4 మీటర్లు. మూలల్లో ఇనుప ముక్కలు. మడిచే కాలు.
పట్టీలు: పొడవు 50, మధ్య దూరం 40, నేల నుంచి ఎత్తు 45 సెంటీమీటర్లు.
కట్లు: రెండు బెల్టులు, ముందు పిడికి ఒక తాడు.
ఇరుసు చోటు: మధ్యబిందువుకి 20 సెంటీమీటర్లు వెనక.

మాకు అంతా కలిపి 3,400 రూపాయలైంది. అందులో సగం పైన టైర్లకే. మీ పడవ కొలతలు వేరుంటే ఈ అంకెలు యథాతథంగా దించుకోకండి. పైపు ముక్కతో మధ్యబిందువు పట్టుకుని, గేటు కొలుచుకుని, ఆ రెండింటి నుంచి మిగతావి రాబట్టుకోండి.

కయాక్ లేనివాళ్లకి కూడా ఒక మాట. మీ ఇంట్లో గ్యాస్ సిలిండరో, మొక్కల కుండీయో, అమ్మమ్మ బియ్యం డబ్బానో ఎవరో ఒకరు నడుం పట్టుకుని జరుపుతూ ఉంటారు. ఈసారి "పట్టు, లేపుదాం" అనే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి, దాని కింద ఇరుసు ఎక్కడ పెడితే చెయ్యి మీద ఐదు కిలోలే పడుతుందో. మీరు చేసిన బండి ఫొటోలు పంపండి, బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి.